బూర చేతికొచ్చిన మొదటి ఆరు నెలలు

(డాలస్ పరిసరాల్లో ఆరో తరగతి బ్యాండులో చేరబోతున్న పిల్లల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ.

ఆగస్టులో మీ పిల్లలు మిడిల్ స్కూల్లో అడుగు పెడుతున్నారు. టెక్సస్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఏదో ఒక ఏడాది ఫైన్ ఆర్ట్స్ కోర్సు చేసి తీరాలి. మీ ఇళ్లలో బ్యాండు ఎంచుకున్నారు. ఫ్లూటు, క్లారినెట్ల సంగతి ఇవాళ ఎత్తను. ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా, ఈ ఐదు ఇత్తడి వాయిద్యాల గురించే మాట్లాడతాను.

అక్టోబరు వచ్చేసరికి చాలా ఇళ్లలో "మావాడికి ఇది అబ్బేలా లేదండీ" అన్న మాట మొదలవుతుంది. ఆ మాట వెనక ఉండేది చాలాసార్లు పిల్లవాడి చేతకానితనం కాదు. ఇరుక్కున్న వాల్వు (వేలితో నొక్కే మీట), వంగిన స్లైడు (ముందుకూ వెనక్కూ జరిగే గొట్టం), పళ్లకు కొత్తగా వేసిన బ్రేసులు, పెదవుల మీద అదిమిపెట్టిన మౌత్‌పీసు (పెదవులు ఆనించి ఊదే భాగం), వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇవన్నీ కంటికి కనిపించేవే, సరిచేయదగ్గవే. మీకు సంగీతం రాకపోయినా పరవాలేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ముందు శబ్దం ఎలా పుడుతుందో చూద్దాం. సంక్రాంతి రోజుల్లో వాకిట్లోకొచ్చే జంగందేవర శంఖం పూరించడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే శంఖం మనం తీసుకుని ఊదితే బుస్సుమని గాలి తప్ప ఏమీ రాదు. శంఖంలో మొదట మోగాల్సింది పెదవులు. రెండు పెదవులూ కలిపి ఉంచి మధ్యలోంచి గాలి వదిలితే అవి తేనెటీగలా రొద చేస్తాయి. ఆ రొదను శంఖం పెద్దది చేసి, దానికో స్థాయి ఇస్తుంది. ట్రంపెట్ నుంచి ట్యూబా దాకా పని చేసే పద్ధతి ఇదే. ట్రంపెట్‌లో గొట్టం పొడవు దాదాపు 1.48 మీటర్లు, ట్రాంబోన్, యుఫోనియంలలో 2.7 మీటర్లు, ఫ్రెంచ్ హార్న్‌లో (ఎఫ్ రకం) 3.7 మీటర్లు, బి ఫ్లాట్ ట్యూబాలో 5.5 మీటర్లు. చుట్టలు చుట్టి ఉంటుంది కాబట్టి అంత ఉందనిపించదు.

అందుకే మొదటి వారం రెండు వారాలు పిల్లలు ఇంటికి మౌత్‌పీసు ఒక్కటే తెచ్చి బుర్రుమనిపిస్తూ కూర్చుంటారు. అది ఆట కాదు, పాఠమే. పసిపిల్లలు పెదవులు బుర్రుబుర్రుమనిపిస్తే వాన వస్తుందంటారు మన పెద్దవాళ్లు. అది వదులు పెదవుల చప్పుడు. ఇక్కడ కావాల్సింది వేరు. "మ్" అన్నప్పుడు పెదవులు ఎలా కలుస్తాయో అలా కలవాలి. నోటి మూలలు బిగువుగా, మధ్యభాగం మెత్తగా ఉండాలి. లోపల పైపళ్లూ కిందిపళ్లూ కొద్దిగా ఎడంగా ఉండాలి. పళ్లు కరిచిపెట్టి ఊదితే శబ్దం సన్నగా, నొక్కేసినట్టు వస్తుంది. బుగ్గలు ఉబ్బకూడదు. ఇది చూసుకోవడానికి అద్దాన్ని మించిన గురువు లేదు. చదువుకునే బల్ల మీద అరచేతంత అద్దం ఒకటి పెట్టండి.

మౌత్‌పీసు అడ్డంగా చూస్తే పెదవుల మధ్యలో ఉండాలి. నిలువులో వాయిద్యాన్ని బట్టి మారుతుంది. ట్రంపెట్‌కు పై పెదవి, కింది పెదవి సుమారుగా చెరి సగం. హార్న్‌కు మూడింట రెండొంతులు పై పెదవి మీద. ట్రాంబోన్‌కు కూడా పై పెదవి వాటా కొంచెం ఎక్కువే. పళ్ల వరసను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అది సరిచేయాల్సింది బ్యాండు డైరెక్టరే. ఇంట్లో వీడియోలు చూసి మార్చకండి.

ఇక నాలుక. స్వరం మొదలవ్వాలంటే నాలుక కొస గాలికి తలుపు తీయాలి. టీచర్లు "టూ" అనమంటారు. ఇంగ్లీషు "ట"కి నాలుక కొస పై పళ్ల వెనక చిగురుకు తగులుతుంది. తెలుగు పలికే పిల్లలు అదే మాటను మన "ట"తో అంటే నాలుక వెనక్కి మడుచుకుని అంగిలిని తాకుతుంది, స్వరం మొద్దుగా, ఆలస్యంగా వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు "తూ" అని చెప్పండి. కొస పళ్ల మొదట్లో తాకి వెంటనే తప్పుకోవాలి, పళ్ల మధ్యలోంచి బయటికి రాకూడదు. మెత్తగా మొదలవ్వాల్సిన చోట "దూ". త-ట, ద-డ తేడా పుట్టుకతో వచ్చిన పిల్లలకు ఇది ఒక్క రోజులో పట్టుబడుతుంది.

మీలో చాలామంది పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. ఆ చదువు ఇక్కడ నేరుగా పనికొస్తుంది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

ట్రంపెట్‌లో "సి" అని రాసిన స్వరం వాయిస్తే వినిపించేది పియానో మీది బి ఫ్లాట్. మన లెక్కలో ఆరున్నర శ్రుతి. హార్న్‌లో "సి" వాయిస్తే వినిపించేది ఎఫ్, అంటే నాలుగు శ్రుతి. ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా పిల్లలకు బాస్ క్లెఫ్‌లో (కింది స్థాయి స్వరాలు రాసే పద్ధతిలో) ఏది రాసుంటే అదే వినిపిస్తుంది. పియానో నేర్చుకున్న పిల్లలకు ఇది మొదట్లో తికమక. పాట నేర్చుకున్న పిల్లలకు తికమక ఏముంది? సా ఎక్కడ పెట్టుకున్నా సాయే కదా. మొదటి ఐదు స్వరాలూ ట్రంపెట్ రాతలో సి, డి, ఇ, ఎఫ్, జి. అవి ఆరున్నర శ్రుతిలో శంకరాభరణం స రి గ మ ప. వేళ్లు ఇలా: సా ఏ వాల్వూ నొక్కకుండా, రీ ఒకటి-మూడు, గా ఒకటి-రెండు, మా ఒకటి, పా మళ్లీ ఏదీ నొక్కకుండా.

సాకీ పాకీ వేళ్లు ఒకటే అని గమనించారా? మొత్తం చిక్కు ఇక్కడే ఉంది. వాల్వులు నొక్కకుండానే ట్రంపెట్‌లో సా, పా, పై సా, పై గా, పై పా వస్తాయి. ఏది రావాలో తేల్చేది పెదవుల బిగువూ గాలి వేగమూ. పిల్లవాడు సరైన వేళ్లు వేసి సా అనుకుని ఊదితే పా వచ్చేస్తుంది. "వేళ్లు కరెక్టే కదా, ఎందుకు తప్పొస్తోంది" అని ఏడుపు మొహం పెడతాడు. వాయించే ముందు ఆ స్వరం నోటితో పాడమనండి. సా అని ఒకసారి పాడి, లోపల అది మోగుతుండగా ఊదితే పెదవులు తమంతట తామే అక్కడికి వెళ్తాయి. పాడని పిల్లలకు ఇది నెలలు పడుతుంది, సరళీ స్వరాలు చేసిన పిల్లలకు దాదాపు సిద్ధంగా ఉంటుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. స్వరాన్ని ఊపే గమకం వద్దు. అకార సాధనలో సా ఎంత నిలకడగా పట్టుకుంటారో అంత నిలకడగా, సూటిగా ఉండాలి.

హార్న్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పొడవైన గొట్టంలో పై భాగాన వాయిస్తారు కాబట్టి ఒకే వేళ్లతో వచ్చే స్వరాలు పక్కపక్కనే, మెట్లలా ఇరుగ్గా ఉంటాయి. ఒక మెట్టు జారితే వేరే స్వరంలో పడతారు. అందుకే డైరెక్టర్లు హార్న్‌కు చెవి బాగున్న పిల్లలను వెతుకుతారు. మీ అమ్మాయి శ్రుతిలో పాడుతుందంటే ఆ మాట వాయిద్యం ఎంచే పరీక్ష రోజునే చెప్పండి. ట్రంపెట్‌కు వరస కట్టేవాళ్లు చాలామంది ఉంటారు, హార్న్‌కు తక్కువమంది. చేతనైన పిల్లకు అక్కడ చోటు బాగా దొరుకుతుంది.

మిగతా ఎంపిక సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రాంబోన్‌లో వాల్వుల బదులు స్లైడును జరుపుతారు, అది ఆగే ఒక్కో చోటూ ఒక పొజిషన్. రెండో స్వరం (రీ), అంటే సి, ఆరో పొజిషన్లో ఉంటుంది, చేయి బాగా చాచాలి. పదకొండేళ్ల పిల్లల్లో కొందరికి అంత దూరం అందదు. అందకపోతే అడగండి, డైరెక్టర్ దారి చూపిస్తారు. పై పెదవి మధ్యలో చిన్న బొట్టులా కిందికి దిగి ఉన్న కొందరికి చిన్న మౌత్‌పీసుల్లో గాలి రెండు పాయలవుతుంది. వాళ్లకు ట్రాంబోన్, యుఫోనియం హాయిగా ఉంటాయి. ట్యూబా పెద్దగా కనిపిస్తుందని భయపడకండి. కుర్చీలో కూర్చుని స్టాండు మీద పెట్టుకుని వాయిస్తారు, చాలా స్కూళ్లలో ఇంట్లో సాధనకు వేరే ట్యూబా ఇస్తారు, పిల్లలు మోసేది మౌత్‌పీసు ఒక్కటే.

కొనడం, అద్దెకు తీసుకోవడం. హార్న్, యుఫోనియం, ట్యూబా సాధారణంగా స్కూలే ఏడాదికి కొంత రుసుము తీసుకుని ఇస్తుంది. ట్రంపెట్, ట్రాంబోన్ మీరు తెచ్చుకోవాలి. అద్దె సాధారణంగా నెలకు 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. రిపేరు, పోగొట్టుకుంటే బీమా అందులో ఉన్నాయో లేదో, కట్టిన అద్దెలో ఎంత ధరలోకి జమ అవుతుందో అడిగి రాయించుకోండి. ఆన్‌లైన్లో 150 డాలర్లకు మెరిసిపోతూ కనిపించే కొత్త ట్రంపెట్ మాత్రం కొనకండి. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆ లోహం మెత్తన, వాల్వు గొట్టంలో బిగుతుగా కూర్చోదు, విడి భాగాలు దొరకవు, చాలా రిపేరు షాపులు చేతికే తీసుకోవు. ఇండియా నుంచి తేవాలని కొందరికి ఉంటుంది. మీరట్ జాలీ కోఠీలో తయారైన బ్యాండు వాయిద్యాలు మన దేశంలో పెళ్లి ఊరేగింపుల్లో ఎన్నో ఏళ్లుగా మోగుతున్నాయి. వాటిమీద గౌరవం ఉంది. కానీ ఇక్కడ వాటికి భాగాలు దొరకడం కష్టం. డైరెక్టర్ ఇచ్చిన జాబితాలో ఉన్న మోడల్, పాతదైనా సరే, తీసుకోండి. ట్రంపెట్‌కు 7సి లేదా 5సి సైజు మౌత్‌పీసు, చిన్న ట్రాంబోన్‌కు 12సి లేదా 6½ఏఎల్ అని జాబితాలో కనిపిస్తుంది. వాటినే తీసుకోండి.

ఇప్పుడు వాల్వుల సంగతి, ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. వాల్వు ఆయిల్ వారానికి రెండు మూడుసార్లు వేయాలి, మొదటి నెల రోజూ వేసినా తప్పు లేదు. పై మూత తిప్పి విప్పి, వాల్వును సగం దాకా పైకి లాగండి. లావుగా, మెరుస్తూ ఉండే భాగం మీద మూడు నాలుగు చుక్కలు వేసి, మెల్లగా తిప్పుతూ లోపలికి దింపండి. దాని మీద 1, 2, 3 అని అంకె చెక్కి ఉంటుంది. ఎక్కువ ట్రంపెట్లలో ఆ అంకె మౌత్‌పీసు వైపు తిరిగి ఉండాలి. కొద్దిగా తిప్పితే "టిక్" మని కూర్చుంటుంది. ఆ టిక్ వినపడకుండా మూత బిగించేస్తే గాలి దారి మూసుకుపోతుంది. "గాలి పోవట్లేదు, బూర పాడైపోయింది" అని పిల్ల వచ్చి చెప్పిందంటే ముందు చూడాల్సింది ఇదే. ఒకటో వాల్వు రెండో గొట్టంలో పెట్టినా అంతే. ఒక్కసారికి ఒక్క వాల్వే విప్పమనండి, తారుమారయ్యే ప్రసక్తే ఉండదు. కింది మూత రంధ్రంలోంచి ఆయిల్ పోసేవాళ్లున్నారు. అలా పోస్తే అడుగున పేరుకున్న మురికి అంతా వాల్వు మీదికి వస్తుంది.

ఆయిల్ వేసినా రెండో వాల్వు ఒక్కటే పైకి రాకుండా నిలిచిపోతుంటే, చాలాసార్లు బూర కింద పడిందన్న మాట. రెండో వాల్వు స్లైడు పక్కకు పొడుచుకుని ఉంటుంది. బూర పక్కకు పడితే దెబ్బ మొత్తం దానికి తగులుతుంది, అది నెట్టడంతో వాల్వు గొట్టం వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుంటుంది. కంటికి ఏమీ కనిపించదు. ఇంట్లో సరికాదు, రిపేరు షాపు వాళ్లకు కొద్దిసేపటి పని. అందుకే కుర్చీ మీద బూర వదిలి మంచినీళ్లకు వెళ్లకూడదు. పెట్టెలో పెట్టి, మూత గొళ్లెం పెట్టి వెళ్లాలి. పెట్టెలో బూర మీద పుస్తకం పెట్టి బలవంతంగా మూత వేసినా వాల్వుల మీదే బరువు పడుతుంది.

మౌత్‌పీసు ఇరుక్కుపోతుంది. ఎవరో ఒకరు అరచేత్తో ఒక్కటి కొడతారు, ఇక అది రాదు. పట్టకారు పట్టుకోకండి. గొట్టం మెలితిరిగితే ఖర్చు పెద్దది. బ్యాండు గదిలో దాన్ని ఊడదీసే పరికరం ఉంటుంది, నిమిషంలో వచ్చేస్తుంది. పెట్టేటప్పుడు దూర్చి పావు వంతు తిప్పితే చాలు.

ట్రాంబోన్ స్లైడు ఇంకా సున్నితం. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య సందు కాగితం మందం కూడా ఉండదు, చిన్న సొట్ట పడినా గరగరమంటుంది. తాళం తీసి, కింద చెయ్యి అడ్డం పెట్టి, నిలువుగా వంచి చూడండి. దాని బరువుకు అదే జారాలి. జారకపోతే తుడిచి, స్లైడు ఆయిల్ వేసి, నీళ్లు చిమ్మాలి. అయినా పట్టేస్తుంటే షాపుకి తీసుకెళ్లండి. పొజిషన్లకు గుర్తు కావాలంటే బెల్ (గొట్టం చివర విచ్చుకున్న నోరు) అంచు చూసుకోవాలి. మూడో పొజిషన్లో చెయ్యి బెల్‌కు కాస్త ఇవతల, నాలుగులో కాస్త అవతల ఉంటుంది.

లోపల చేరే నీళ్లు ఉమ్మి అనుకుంటారు, చాలావరకు ఊపిరిలోని తేమే. నీటి మీట నొక్కి, స్వరం లేకుండా ఊదితే పోతుంది. కానీ సాయంత్రం స్కూలు నుంచి రాగానే జంతికలు, జ్యూసు తిని తాగి ఊదితే ఆ పిండీ చక్కెరా లోపలే చేరి పాచి కడుతుంది. నోరు పుక్కిలించి మొదలుపెట్టాలి. మౌత్‌పీసు వారానికోసారి బ్రష్షుతో కడగాలి. బూరను నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో స్నానం చేయించాలి, వాల్వులు ముందే తీసి పక్కన పెట్టాలి. వేడి నీళ్లు పోస్తే పైపూత లేచిపోతుంది.

సాధన ఎంతసేపు? మొదటి రెండు నెలలు రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, అదీ రెండు విడతలుగా. ఎంతసేపు ఊదారో అంతసేపు విశ్రాంతి ఉండాలి. పెదవులు కండరాలే. వారమంతా ముట్టుకోకుండా ఆదివారం గంట ఊదితే మర్నాడు పెదవి వాచి, క్లాసులో స్వరం రాదు. మనకు లెక్కల్లో అలవాటైన "ఇంకో గంట కూర్చో" ఇక్కడ చెల్లదు. ఆపాలని ఎలా తెలుస్తుంది? మౌత్‌పీసు తీశాక పెదవుల మీద ఎర్రటి గుండ్రటి ముద్ర చాలాసేపు పోకుండా ఉంటే అదుముతున్నారని అర్థం. కుడి చిటికెన వేలు చూడండి. ట్రంపెట్ మీద ఒక కొక్కెం ఉంటుంది, వేలు దాంట్లో దూర్చి బూరను మొహం మీదికి లాగుతుంటారు. చిటికెన వేలును కొక్కెం పైన ఆనించమనండి. ఆ ఒక్క మార్పుతో శబ్దం తెరుచుకుంటుంది.

పక్క గదిలో ఉండి మీరు వినాల్సినవి ఇవి. స్వరంతో పాటు బుసబుస వినిపిస్తే పెదవులు మరీ ఎడంగా ఉన్నాయి. అసలు శబ్దమే ఆగిపోతుంటే మరీ బిగించారు. ఒకేసారి రెండు స్వరాలు గొణిగినట్టుంటే అలిసిపోయారు, ఆపేయాలి. అపార్ట్‌మెంట్లో ఇరుగుపొరుగుల భయంతో శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టి సాధన చేయించకండి. కొత్తవాళ్లకు గాలి అడ్డుపడి తప్పు అలవాట్లు పడతాయి. బట్టలు వేలాడే అల్మరా గదిలో తలుపేసుకుని సాయంత్రం ఆరులోపు కానిస్తే ఎవరికీ బాధ ఉండదు.

బ్రేసులు. ఈ వయసులోనే వేస్తారు. వేయించే తేదీ తెలిస్తే డైరెక్టర్‌కు ముందే చెప్పండి. మొదటి రెండు నుంచి నాలుగు వారాలు స్వరం పోతుంది, పై స్వరాలు అసలు రావు. పెదవి లోపల గీసుకోకుండా మైనం, లేదా బ్రేసుల మీద తొడిగే మెత్తటి కవచం దొరుకుతుంది. అదిమి ఊదే అలవాటున్న వాళ్లకు నొప్పి ఎక్కువ, గాలితో ఊదేవాళ్లకు తక్కువ. మళ్లీ తీసేసిన రోజున ఇంకోసారి కొన్ని వారాలు తడబాటు ఉంటుంది. ఈ రెండు సమయాల్లో మాత్రం "మానేస్తాను" అంటే ఒప్పుకోకండి, నెల ఆగి మాట్లాడదామనండి.

మార్కుల సంగతి ఒక మాట. 1984లో చేసిన చట్టం ప్రకారం టెక్సస్‌లో సాధారణంగా ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే పోటీలకు పంపరు. బ్యాండు వల్ల చదువు పోతుందన్న భయం ఉన్న అమ్మానాన్నలు ఈ నియమం తెలుసుకుంటే కాస్త నిదానిస్తారు. చదువు జారనివ్వకుండా ఆ నియమమే చూసుకుంటుంది.

డిసెంబరులో మొదటి కచేరీ ఉంటుంది. ఆ రోజు బూరను కారు డిక్కీలో వదిలేయకండి. చల్లబడిన ఇత్తడి శ్రుతి దిగిపోతుంది, వాల్వు ఆయిల్ కూడా చిక్కబడుతుంది. పెట్టెను వెనక సీట్లో పెట్టుకుని తీసుకెళ్లండి. లోపలికి వెళ్లాక స్వరం పలకకుండా వెచ్చటి ఊపిరి రెండు మూడు నిమిషాలు గొట్టంలోకి వదలమనండి. నల్ల ప్యాంటు జేబులో వాల్వు ఆయిల్ సీసా ఒకటి ఉండాలి, మూత గట్టిగా బిగించి.